నేల కింద నీటి బలం తగ్గితే నేలకే ముప్పు
బోరు ఎండినా, కట్ట తెగినా, పొలం కుంగినా అసలు కథ ఒత్తిడిదే

2015 చివర్లో కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో వానలు దంచికొట్టాయి. అంతకు ముందు ఏళ్ల తరబడి చినుకు కోసం ఎదురుచూసిన పల్లెలవి. వంకలు పారాయి, కుంటలు నిండాయి. సంతోషించవలసిన సమయంలో బుడ్డాయపల్లె పరిసరాల్లో నేల కుంగడం మొదలైంది. ఎవరో కొలత పెట్టి బావి తవ్వినట్టుగా పొలాల్లో గుండ్రని గుంతలు పడ్డాయి. నిన్న నడిచిన చోట నేడు అడుగు పెట్టడానికి జనం జంకారు. అధికారులు వచ్చారు, భూగర్భ శాస్త్రవేత్తలు వచ్చి చూశారు.

కరువు కాలమంతా గట్టిగా నిలిచిన నేల వాన పడగానే ఎందుకు కుంగింది? నీళ్లు లేనప్పుడు రాని ముప్పు నీళ్లు వచ్చాక ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు నీటికీ ఒత్తిడికీ ఉన్న లంకెలో ఉంది. ఈ లంకె అర్థమైతే ఒక్క గుంతల సంగతే కాదు, బోరులో నీళ్లు ఎందుకు దిగిపోయాయో, పైన పెట్టిన మోటారు ఎందుకు గాలి పీలుస్తుందో, చెరువు కట్ట అడుగున అంత లావు ఎందుకు ఉండాలో కూడా తెలుస్తుంది. నీటి కోసమే అప్పులపాలవుతున్న కర్నూలు, కడప ప్రాంతాల రైతుకు ఇది బడి పాఠం కాదు, బతుకు లెక్క.

వెడల్పు కాదు, లోతే లెక్క

ఒక పాత డ్రమ్ము తీసుకుని పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి చిల్లులు పెట్టి నీళ్లు నింపితే సంగతి కళ్లకు కడుతుంది. పై చిల్లు నుంచి నీరు నీరసంగా జారుతుంది. నడిమి చిల్లు నుంచి కొంచెం దూరం పడుతుంది. అడుగు చిల్లు నుంచి మాత్రం చిమ్మనగ్రోవి కొట్టినట్టు వస్తుంది. పైనున్న నీటి బరువంతా అడుగు నీటి మీద పడటమే దీనికి కారణం. ఈ బరువు నెట్టే బలాన్నే ఒత్తిడి అంటారు. ఈ బలం కిందికే కాదు, పక్కలకూ పైకీ కూడా సమానంగా నెడుతుంది.

ఒక ఘనపుటడుగు నీరు 28 కిలోల బరువు ఉంటుంది. అంటే పది అడుగుల లోతులో ప్రతి చదరపుటడుగు మీద 280 కిలోల బరువు పడుతుందన్నమాట. లోతు 33 అడుగులకు చేరితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో లెక్క వస్తుంది. మోటారు దగ్గర బిగించే మీటరులో ఒక కిలో అని చూపేది దీన్నే.

ఇందులో చాలామంది నమ్మని విషయం ఒకటుంది. నీరు ఎంత వెడల్పున ఉందన్నది ఈ లెక్కలోకి రాదు. నూరు ఎకరాల చెరువులో పది అడుగుల నీరున్నా, రెండంగుళాల పైపులో పది అడుగుల నీరున్నా అడుగున ఒత్తిడి ఒక్కటే. నీరు ఎంతుందన్నది వేరు, ఎంత బలంగా నెడుతుందన్నది వేరు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లనే బోర్ల విషయంలో ఎన్నో కొంపలు మునిగాయి.

ఊళ్లలో నీళ్ల ట్యాంకును స్తంభాల మీద ఎత్తుగా కట్టేది కూడా ఇందుకే. ట్యాంకు ఎంత పెద్దదైనా నేల మీద ఉంటే వీధి చివర కుళాయికి నీరెక్కదు. నలభై అడుగుల ఎత్తున ఉంటే కింద గొట్టంలో కిలో పైచిలుకు ఒత్తిడి వస్తుంది. నీరు పారుతూ దారిలో గొట్టం గోడల రాపిడికి కొంత, మలుపుల దగ్గర కొంత ఆ బలాన్ని పోగొట్టుకుంటుంది. అందుకే చివరి ఇళ్లకు ధార సన్నం. నడుమ ఎవరైనా కుళాయికి మోటారు తగిలించి లాగితే గొట్టంలో ఒత్తిడి పడిపోయి చివరి ఇంటి బిందె ఖాళీగానే ఉంటుంది. నీళ్ల వాన్ల దగ్గర జరిగే తగాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

34 అడుగుల గీత

కపిల తోలిన కాలంలో ఈ చిక్కు లేదు. ఎద్దులు తోలు బానను నీటితో సహా పైకి ఈడ్చేవి. ఎంత లోతైనా తాడు పొడుగును బట్టి, ఎద్దుల సత్తువను బట్టి నీరు వచ్చేది. ఆయిలు ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక పని సులువైంది కానీ కొత్త గీత ఒకటి అడ్డం వచ్చింది.

ఒడ్డున పెట్టిన పంపు నీటిని పైకి లాగుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది లాగదు. పైపులోని గాలిని తీసి అక్కడ ఖాళీ చేస్తుంది. అప్పుడు బావిలో నీటి మీద నిలిచి ఉన్న వాతావరణం బరువు ఆ నీటిని పైపులోకి తోస్తుంది. మన చుట్టూ ఉన్న గాలికి కూడా బరువుంది. ఆ బరువు 34 అడుగుల నీటి బరువుతో సమానం. కాబట్టి ఎంత గొప్ప పంపు తెచ్చి ఒడ్డున పెట్టినా 34 అడుగులకు మించి నీరు లేవదు. మోటారు గుర్రాల శక్తి పెంచినా లాభం లేదు.

ఈ సంగతి మొదట తెలిసింది ఇటలీ దేశంలో. అక్కడి పంపులు ఒక హద్దు దాటి నీరెత్తలేకపోతున్నాయని గెలీలియో 1638లో వచ్చిన తన గ్రంథంలో రాశాడు. ఆయన శిష్యుడు టారిచెల్లి 1643లో పాదరసంతో పరీక్ష చేయించి, నీటిని పైకి నెట్టేది గాలి బరువేనని తేల్చాడు. వాతావరణ కేంద్రాల్లో గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటరు అలా పుట్టింది.

34 అనేది లెక్కల్లో మాట. ఫుట్‌వాల్వు రాపిడి, పైపు అతుకుల్లో దూరే గాలి అన్నీ పోగా పొలంలో 20 నుంచి 25 అడుగుల వరకే పని జరుగుతుంది. రాయలసీమ బావుల్లో నీటిమట్టం దిగుతున్న కొద్దీ రైతులు మోటారును బావి లోపలికి దించుతూ పోయింది ఇందుకే. నడుమ బండ మీద ఒక గట్టు కట్టి అక్కడ మోటారు పెట్టేవారు. నీరు ఇంకా దిగితే ఇంకో గట్టు. నీటి దగ్గరికి పంపు వెళ్లడం తప్ప, పంపు దగ్గరికి నీరు రాదని అనుభవమే నేర్పింది. బావిలోకి దించిన ఆయిలు ఇంజను పొగ బయటికి పోయే దారిలేక ప్రాణాపాయం తెచ్చిపెట్టేది కూడా ఈ గీత వల్లనే.

చివరకు బావుల కాలం పోయి బోర్ల కాలం వచ్చింది. నీటిలో మునిగే సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చింది. అది కింద ఉండి నీటిని పైకి నెడుతుంది కాబట్టి దానికి 34 అడుగుల గీత లేదు. కానీ 500 అడుగుల లోతు నుంచి నీరు పైకి రావాలంటే మోటారు దగ్గర 15 కిలోల ఒత్తిడి పుట్టాలి. ఒక్కొక్క నూరడుగులు దిగేకొద్దీ మూడు కిలోల బరువు అదనం. లోతు పెరిగే కొద్దీ అదే మోటారు తక్కువ నీరు పోస్తుంది, లేదా అదే నీటికి పెద్ద మోటారు కావాలి. కరెంటు ఉన్నట్టుండి పోతే పైపులోని నీళ్లన్నీ ఒక్కసారి వెనక్కి పడి కింద వాల్వును సమ్మెటతో కొట్టినట్టు కొడతాయి. జాయింట్లు ఊడటం, పైపులు పగలడం చాలాసార్లు ఆ దెబ్బకే.

బండ కింద పొంగు

బోరు వేసేటప్పుడు ఒక వింత జరుగుతుంది. రిగ్గు 300 అడుగులు తొలిచే దాకా దుమ్మే లేస్తుంది. ఉన్నట్టుండి జల తగులుతుంది. కాసేపు ఆగి చూస్తే బోరులో నీరు 300 అడుగుల దగ్గర ఉండదు. 80 అడుగులకో, 60 అడుగులకో ఎక్కి నిలుస్తుంది. నీళ్లు పైకెక్కినాయి, ఇక ఢోకా లేదని రైతు సంబరపడతాడు.

అసలు జరిగింది వేరు. నేల కింద బండ పగుళ్లలో నీరు బిగించి ఉంది. దూరంగా ఎక్కడో మిట్ట మీద, కొండ వాలులో కురిసిన వాన ఆ పగుళ్లలోకి దిగి, పైనున్న నీటి బరువుతో కింది నీటిని నొక్కుతోంది. రిగ్గు వెళ్లి ఆ పగులుకు తూటు పెట్టగానే, నొక్కుడులో ఉన్న నీరు తన బలం కొద్దీ పైకి లేచింది. నీరు ఎంత ఎత్తు లేచిందన్నది ఒత్తిడి గుర్తు మాత్రమే. అక్కడ నీరు ఎంత నిల్వ ఉన్నదో అది చెప్పదు. సన్నని పగులైనా సరే, పైన ఎత్తున నీరుంటే బోరులో నీరు గబగబా ఎక్కుతుంది. నాలుగు నెలలు తోడాక ఆ పగులు ఖాళీ అవుతుంది. మొదటి రోజు రెండించుల ధార పోసిన బోరు వేసవికి ఉక్కిరిబిక్కిరి అయ్యేది ఇందువల్లనే.

ఈ ఒత్తిడి మోటారు లేకుండా నీరిచ్చే చోట్లు కూడా ఉన్నాయి. వాటిలో అందరికీ తెలిసింది మహానంది. ఒకప్పటి కర్నూలు జిల్లాలో, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్న ఈ క్షేత్రంలో నల్లమల అడుగున ఊటలు ఏడాది పొడుగునా పొంగుతూ ఉంటాయి. గుండంలో నీరు అద్దంలా తేటగా ఉంటుంది. అక్కడి నుంచి పారిన నీటితో చుట్టూ అరటి తోటలు, వరి పొలాలు పచ్చగా ఉంటాయి. నల్లమల కొండల మీద పడిన వాన రాతి పగుళ్లలో దిగి, కొండ పాదం దగ్గర దారి దొరికిన చోట పైకి చిమ్ముతుంది. ట్యాంకు ఎత్తున ఉండి కుళాయి కింద ఉన్నట్టే, ఇక్కడ కొండే ట్యాంకు, గుండమే కుళాయి. అడవి నిలిచి వాన ఇంకినంత కాలం ఆ కుళాయి పారుతుంది.

ఇలాంటి ఊటను సీమలో బుగ్గ అంటారు. బుగ్గ పేరుతో ఊళ్లున్నాయి, కోనలున్నాయి. కడప పట్టణం గుండా పోయే వంక పేరే బుగ్గవంక. నేల కింది ఒత్తిడి తనంతట తాను నీరు పైకి పంపిన రోజులకు ఈ పేర్లే సాక్ష్యం. ఎన్నో బుగ్గలు ఇప్పుడు పేరుకే మిగిలాయి.

ఒకరి బోరు, ఇంకొకరి బాధ

బోరులో నుంచి నీరు తోడినప్పుడు ఆ బోరు చుట్టూ నేల కింద నీటిమట్టం గరాటు ఆకారంలో కిందికి దిగుతుంది. బోరు దగ్గర లోతుగా, దూరం పోయేకొద్దీ తక్కువగా. ఎక్కువ ఒత్తిడి ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి నీరు పారుతుంది కనుక చుట్టుపక్కల నీరంతా ఆ గరాటులోకి జారుతుంది. పక్క రైతు బోరు ఆ గరాటు లోపల పడితే దాని మట్టం కూడా దిగుతుంది. అతడు ఇంకా లోతుకు వేస్తాడు. అప్పుడు మొదటివాడి బోరు ఎండుతుంది. ఈ పందెంలో గెలిచేది రిగ్గు యజమాని, వడ్డీ వ్యాపారి తప్ప రైతు కాడు.

పులివెందుల, లింగాల, వేంపల్లె వైపు చీనీ తోటల రైతులకు, డోన్, పత్తికొండ వైపు మెట్ట రైతులకు ఈ పందెం కొత్త కాదు. కాపుకు వచ్చిన చీనీ చెట్టు కళ్లెదుట ఎండుతుంటే చూస్తూ ఊరుకోవడం ఏ రైతుకైనా కష్టమే. ట్యాంకర్లతో నీరు తోలి చెట్లు బతికించుకున్నవారున్నారు, బోరు మీద బోరు వేసి ఇల్లు తాకట్టు పెట్టినవారున్నారు. కొబ్బరికాయ నిలబడిన చోట, వేపపుల్ల తిరిగిన చోట బోరు వేస్తే నీరు పడిందంటే అక్కడ పగులు ఉండబట్టి. పడలేదంటే పగులు లేకపోవడం వల్ల. పుల్లకు ఒత్తిడి తెలియదు.

2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక రైతుకు బిల్లు బాధ తప్పింది. అయితే ఆటో స్టార్టర్లు పెట్టి వదిలేయడంతో కరెంటు వచ్చిన క్షణాన ఒక ఫీడరు కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. గరాట్లన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి నీటిమట్టం ఒక్కసారిగా పడుతుంది. వేళలు పంచుకుని వంతులవారీగా తోడితే అదే నేల కొంచెం కోలుకుని మళ్లీ ఇస్తుంది. బోర్ల మధ్య ఎడం పాటించాలని, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలని ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం చేశారు. చట్టం పుస్తకంలో ఉంది. రిగ్గు మాత్రం రాత్రిపూట వచ్చి తెల్లవారేసరికి పోతుంది.

నీరే నేలకు ఊత

ఇప్పుడు చింతకొమ్మదిన్నె గుంతల సంగతికి రావచ్చు.

కడప, కర్నూలు ప్రాంతాల్లో చాలా చోట్ల నేల కింద సున్నపురాయి ఉంది. ఇళ్లలో పరిచే కడప బండ అదే జాతి రాయి. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది. ఆ నీరు లక్షల ఏళ్ల పాటు పారితే సున్నపురాయి కరిగి పగుళ్లు గుహలవుతాయి. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు అలా ఏర్పడినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశారు. 1980 దశకంలో జర్మనీ నుంచి వచ్చిన గుహల పరిశోధకులు లోపలికి దిగి కొలిచారు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహల్లో నడిచినవారికి ఒకప్పుడు నీరు ఎంత బలంగా పారిందో గోడల నునుపు చూస్తేనే తెలుస్తుంది.

బెలుం మనకు కనిపించింది. కనిపించకుండా పొలాల కింద ఉన్న చిన్న చిన్న బొరియలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటి పైకప్పు మీద మట్టి, రాయి బరువు పడుతుంది. ఆ బరువును రాయి ఒక్కటే మోయదు. బొరియ నిండా ఉన్న నీరు కూడా లోపలి నుంచి పైకి నెడుతూ కొంత మోస్తుంది. నీటిలో మునిగిన బిందె తేలికగా ఉండి, బయటికి తీయగానే చేతిని లాగినట్టు, నీటిలో ఉన్న నేల కూడా తేలికగా ఉంటుంది. కరువు సంవత్సరాల్లో బోర్లు నీటిని తోడేశాయి. నీటిమట్టం ఒక అడుగు దిగితే చదరపుటడుగుకు 28 కిలోల ఆసరా పోతుంది. నూరడుగులు దిగితే దాదాపు మూడు టన్నులు. దూలం తీసేసిన మిద్దెలాగా నేల నిలిచి ఉంది కానీ, ఊతం లేకుండా నిలిచి ఉంది.

అప్పుడు పెద్ద వాన పడింది. పైమట్టి నీరు పీల్చుకుని బరువెక్కింది. గట్టిగా ఉన్న మట్టి తడిసి పట్టు సడలింది. ఖాళీ బొరియల్లోకి దారి చేసుకుంటూ నీరు మట్టిని తనతో తీసుకుపోయింది. కింద మట్టి జారుతూ జారుతూ చివరకు పైపొర ఒక్కసారిగా పడిపోయింది. సున్నపురాతి నేల, దిగిపోయిన భూగర్భ జలం, ఆపైన కుండపోత వాన. ఈ మూడూ కలవడం వల్లనే గుంతలు పడ్డాయి. అంటే తప్పు వానది కాదు. ఎన్నో ఏళ్లుగా నేల కింద తగ్గిపోయిన ఒత్తిడి లెక్కను వాన వచ్చి తేల్చింది.

కట్ట మీద పడే బరువు

నేల కింద ఒత్తిడి తగ్గితే ఒక ముప్పు. నేల మీద ఒత్తిడి పెరిగితే ఇంకో ముప్పు. దీనికి సాక్ష్యం 2021 నవంబరు 19న చెయ్యేటి మీద జరిగిన ఘోరం. రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టుకు ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగి ఆ వరద కూడా వచ్చి తోడైంది. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చింది. నీరు మట్టికట్ట మీదుగా పొర్లింది. తెల్లవారుజామున కట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లె, తొగూరుపేట వంటి ఊళ్లమీద ఏరు విరుచుకుపడి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఇళ్లు, పశువులు, పొలాలు ఇసుకపాలయ్యాయి.

మట్టికట్ట నీటి బరువును ఆపగలదు కానీ తన నెత్తి మీదుగా పారే నీటిని ఆపలేదు. 20 అడుగుల ఎత్తు నుంచి జారిన నీరు కిందికి చేరేసరికి గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఎత్తున ఒత్తిడిగా దాగిన బలమే కిందికి వచ్చేసరికి వేగమవుతుంది. ఆ వేగానికి మట్టి నిలవదు. ఒక్క చోట కోత పడితే చాలు, ఆ కోతలోకి ఇంకా ఎక్కువ నీరు వచ్చి కోతను పెంచుతుంది.

రాతి ఆనకట్టకైనా గేటే బలహీనమైన చోటు. కర్నూలు పొలాలకు ప్రాణాధారమైన తుంగభద్ర జలాశయంలో 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఆనకట్టకు 33 గేట్లున్నాయి. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. నిండుగా నీరున్నప్పుడు ఒక్క గేటు మీద పడే నెట్టుడు లెక్క కడితే దాదాపు 340 టన్నులు. పది టన్నుల సరుకు లారీలు 34 వరుసగా వచ్చి ఒక్క తలుపును నెట్టినట్టు. 1950 దశకం నుంచి ఆ బరువును రాత్రింబగళ్లు మోసిన ఇనుము ఒక రాత్రి చేతులెత్తేసింది.

జలాశయం నిండి ఉన్న సమయమది. గేటు బిగించాలంటే నీరంతా వదిలేయాలేమోనని కె.సి. కాలువ కింది రైతులు సైతం గుండెలు పట్టుకున్నారు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో, నీరు పారుతుండగానే ఇనుప దిమ్మెలను ఒకదాని మీద ఒకటి దించి వారం తిరిగేలోగా గండిని మూశారు. ఒక్కో దిమ్మె ఎత్తు నాలుగడుగులే. ఇరవై అడుగుల తలుపును ఒకేసారి దించితే నీటి బలానికి నిలవదు. ముక్కలు ముక్కలుగా దించితే ఒక్కోసారి తట్టుకోవలసిన బరువు తగ్గుతుంది. నీటి బలంతో పోట్లాడకుండా దాన్ని పంచి లొంగదీసిన పద్ధతి ఇది.

పోరుమామిళ్ల రాతి మాట

ఈ లెక్కలు మన పెద్దలకు తెలియవనుకుంటే పొరపాటు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. ఆ సంగతి చెప్పే 1369 నాటి శాసనం అక్కడే ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు అది చెబుతుంది. అంతేకాదు, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరుసగా చెక్కించారు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలని, గట్టి నేల ఉండాలని, కట్ట బిగువైన రాతితో ఉండి మరీ పొడుగు కాకూడదని అందులో ఉంది. కట్ట నుంచి నీరు ఊరడం దోషాల్లో ఒకటి.

ఇదే నేటి ఇంజనీర్లు చెప్పేది కూడా. కట్టకు లోపలి వైపు నీటి ఒత్తిడి ఎక్కువ, బయటి వైపు లేదు. ఆ తేడాతో నీరు మట్టిలో దారి వెతుక్కుంటుంది. అడుగున ఒత్తిడి అన్నింటికన్నా ఎక్కువ కనుక కట్ట కింద లావుగా, పైన సన్నగా ఉండాలి. కట్ట పాదం దగ్గర తేట నీరు చెమ్మగా ఊరితే కనిపెట్టుకుని ఉండాలి. అదే ఊట మట్టి రంగులో వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు లెక్క. ఎలుక బొరియలు, ఎండిన చెట్ల వేళ్లు, చీమల పుట్టలు కూడా ఆ నీటికి దారులే. పాతకాలంలో నీరుకట్టువాడు మరవ పారే రాత్రుల్లో లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగింది ఇందుకే. ఆ కాపలా చాలా ఊళ్లలో పోయింది. చెరువులు మాత్రం ఉన్నాయి.

రైతు చేతిలో ఉన్నది

నీటి ఒత్తిడి ప్రభుత్వాలకూ ప్రాజెక్టులకూ మాత్రమే సంబంధించిన వ్యవహారం కాదు. రైతు తన బోరు దగ్గరే చేయగల పనులు కొన్ని ఉన్నాయి.

నెలకొకసారి మోటారు ఆపి, కొన్ని గంటలు ఆగి, బరువు కట్టిన తాడు దించి నీరెంత లోతున ఉందో కొలిచి గోడ మీద రాసుకోవచ్చు. మోటారు ఆడుతున్నప్పుడు ఎంత దిగుతుందో, ఆపాక ఎంతసేపటికి మళ్లీ ఎక్కుతుందో చూడవచ్చు. త్వరగా ఎక్కితే జల బలంగా ఉన్నట్టు. రోజు రోజుకూ ఆలస్యమైతే నేల కింద ఖాళీ అవుతున్నట్టు. కొత్త బోరుకు అప్పు చేసే ముందు ఈ లెక్క చూసుకున్నవాడు సగం నష్టం తప్పించుకుంటాడు.

డ్రిప్పు పెట్టుకున్న తోటల్లో మీటరు మీద ఒక కన్ను ఉండాలి. గొట్టాల్లో దాదాపు ఒక కిలో ఒత్తిడి ఉంటేనే అన్ని చెట్లకూ చుక్కలు సమానంగా పడతాయి. ఫిల్టరు పూడితే ముందు మీటరులో, వెనుక మీటరులో తేడా కనిపిస్తుంది. అప్పుడు కడగాలి. వాలు పొలంలో మిట్ట మీది చెట్టుకు తక్కువ, పల్లంలోని చెట్టుకు ఎక్కువ నీరు పడటం ఒత్తిడి తేడాయే. లైన్లను వాలుకు అడ్డంగా వేస్తే ఇది చాలావరకు సర్దుకుంటుంది.

వాన నీటిని పొలం గట్ల దగ్గర, కుంటల్లో, చెక్‌డ్యాముల్లో ఆపితే అది కేవలం నీటి నిల్వ కాదు. నేల కింద తగ్గిన బలాన్ని తిరిగి నింపడం కూడా. సున్నపురాతి నేలల్లో పాత గుంతల్లో చెత్త వేసి పైన మట్టి కప్పి మరచిపోకూడదు. నేల మీద గుండ్రని చీలికలు కనిపించినా, బావి నీరు ఉన్నట్టుండి ఎర్రబారినా, నిలిచిన నీరు ఒక్క రాత్రిలో మాయమైనా పశువులను, పిల్లలను అటు పోనీయకుండా మండల అధికారులకు తెలపాలి.

ప్రభుత్వం వైపు నుంచి జరగవలసినవీ ఉన్నాయి. సున్నపురాయి ఉన్న గ్రామాలేవో ప్రజలకు చెప్పాలి. ప్రాజెక్టు గేట్లకు, గొలుసులకు వరద రాకముందే పరీక్షలు చేయాలి. చెరువు కట్టలకు కాపలా మళ్లీ ఏర్పాటు చేయాలి. తెగిన కట్ట కట్టడానికి పోసే డబ్బులో కొంత ముందే గ్రీజుకు, రాతి పనికి ఖర్చు చేస్తే పోయిన ప్రాణాల లెక్క రాయవలసిన పని ఉండదు.

నీరు తక్కువైన సీమలో ఇంతకాలం అందరూ నీటి కొలతనే చూశారు. ఎన్ని ఇంచులు పడ్డాయి, ఎన్ని టీఎంసీలు వచ్చాయి అన్నదే మాట. ఆ నీరు ఏ బలంతో నిలిచి ఉందో, ఆ బలం ఎటు పోతోందో చూడటం కూడా అలవాటు కావాలి. బుడ్డాయపల్లె పొలం, చెయ్యేటి ఒడ్డు ఊళ్లు ఆ పాఠానికి ఇప్పటికే చాలా ఖరీదు చెల్లించాయి.